రిపోర్టుకి నాలుగు నక్షత్రాలు, నదికి రెండు: ఒక పర్యావరణ కన్సల్టెన్సీ సర్వీసు మీద రివ్యూ

జలవిద్యుత్ ప్రాజెక్టులకి పర్యావరణ అధ్యయనం చేసిపెట్టే కన్సల్టెన్సీలు బోలెడున్నాయి. వెబ్‌సైట్లన్నీ ఒకేలా ఉంటాయి: పచ్చటి కొండ, తెల్లటి నురగ, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఇద్దరు మనుషులు. వాళ్ళ సర్వీసు వాడినవాళ్ళు మాత్రం ఎక్కడా రివ్యూ రాయరు. ఒప్పందంలో గోప్యత షరతు ఉంటుంది, పైగా రేపు మళ్ళీ వాళ్ళతోనే పని పడొచ్చు. అందుకే పేర్లు తీసేసి రాస్తున్నాను. కన్సల్టెన్సీ పేరు, నది పేరు, దేశం పేరు ఏవీ ఉండవు. నేను సివిల్ ఇంజనీరుని. జలవిద్యుత్ కేంద్రాలు కట్టి నడిపే ఒక కంపెనీలో పర్యావరణ విభాగం చూస్తాను. ఇలాంటి సర్వీసుని కొనే కుర్చీలో కూర్చున్నవాళ్ళకి పనికొస్తుందని ఈ రివ్యూ.

ముందుగా మేం ఏం కొన్నామో చెప్పాలి. ప్యాకేజీలో మూడున్నాయి. ఒకటి పర్యావరణ, సామాజిక ప్రభావ అంచనా రిపోర్టు. రెండోది ఆ ప్రభావాలని ఎలా అదుపులో పెట్టాలో చెప్పే నిర్వహణ ప్రణాళిక. మూడోది కేంద్రం నడవడం మొదలయ్యాక చేసే పర్యవేక్షణ, దాని కొలతల్ని తెర మీద చూపించే ఒక డ్యాష్‌బోర్డు. ప్రాజెక్టు మధ్యరకంది. చిన్న ఆనకట్ట, అక్కణ్ణుంచి సొరంగం, కిందెక్కడో పవర్‌హౌస్. ఆనకట్టకీ పవర్‌హౌస్‌కీ మధ్య నదిలో నీళ్ళు బాగా తగ్గిపోతాయి. సాయంత్రం కరెంటు డిమాండ్ పెరిగినప్పుడు నీళ్ళు వదిలి టర్బైన్లు తిప్పుతాం, మిగతా సమయంలో నిల్వ చేస్తాం. అభివృద్ధి చెందుతున్న దేశాల కొండప్రాంతాల్లో ఇప్పుడు కడుతున్నవాటిలో చాలాభాగం ఈ బాపతువే.

అప్పు ఇచ్చే బ్యాంకులు ఈక్వేటర్ ప్రిన్సిపుల్స్‌కి సంతకం పెట్టినవి. పెద్ద ప్రాజెక్టులకి అప్పిచ్చేముందు పర్యావరణ, సామాజిక నష్టాలు చూసుకోవాలని బ్యాంకులు 2003లో పెట్టుకున్న నియమాలివి. కాబట్టి ప్రపంచ బ్యాంకు గ్రూపులోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ పెట్టిన 8 ప్రమాణాల (పెర్ఫార్మెన్స్ స్టాండర్డ్స్) ప్రకారం రిపోర్టు ఉండాల్సిందే. ఇలాంటి పనికయ్యే ఫీజు మొత్తం ప్రాజెక్టు ఖర్చులో కంటికి ఆనదు. అయినా బేరమాడేది దీని దగ్గరే, ఎందుకో మరి.

బాగున్నదాంతో మొదలుపెడతాను. చేపల బేస్‌లైన్ అధ్యయనం, అంటే కట్టకముందు నదిలో ఏమున్నాయో చూసి రాసుకోవడం, నిజంగా బాగుంది. చాలా రిపోర్టుల్లో ఈ భాగాన్ని తూతూమంత్రంగా కానిచ్చేస్తారు. ఎండాకాలంలో ఒకసారి వచ్చి, వల వేసి, దొరికినవాటి లాటిన్ పేర్లు ఒక పట్టికలో పెట్టి వెళ్ళిపోతారు. వీళ్ళు వరద ముందు, వరద తగ్గాక, నీళ్ళు అడుగంటినప్పుడు వేరువేరుగా వచ్చారు. టీమ్‌లో చేపల మీద పనిచేసే ఒక యువ శాస్త్రవేత్త ఉంది. ఆ అమ్మాయి తనతో తెచ్చుకున్న పరికరాల కన్నా జాలర్ల వలల మీదే ఎక్కువ ఆధారపడింది. ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. ఒక పెద్దాయన వలలో పడిన చేపని చెక్క స్కేలు మీద పెట్టి కొలిచి, పొట్ట కింద బొటనవేలితో మెల్లగా నొక్కి చూసింది. గుడ్లు బయటికి వచ్చాయి. "ఇది ఎక్కడికి పోతోంది, తాతా?" అని అడిగింది. ఆయన నది వైపు కాకుండా, పక్కనుంచి వచ్చి కలిసే ఒక చిన్న వాగు వైపు చెయ్యి చూపించాడు.

ఆ వాగు మా మ్యాపులో ఒక సన్న గీత. దాని నోటి దగ్గరే మా అప్రోచ్ రోడ్డుకి పైపు కల్వర్టు డిజైన్ చేసి ఉంది. కల్వర్టు అడుగు నీటిమట్టం కన్నా ఎత్తులో ఉంటే చిన్న చేప ఎక్కలేదు. గుడ్లు పెట్టే చోటికి దారి మూసుకుపోతుంది. ఆనకట్ట సంగతి దేవుడెరుగు, రోడ్డే ఆ చేప కొంప ముంచేది. రిపోర్టులో ఈ విషయం ఫొటోతో సహా పెట్టారు. కల్వర్టు తీసేసి చిన్న వంతెన కట్టాం. మొత్తం ప్యాకేజీలో నాకు బాగా నచ్చింది ఈ ఒక్క పేజీ. చేసిన పనిని డిజైన్‌లో మార్పుగా చూపించింది కాబట్టి.

బేస్‌లైన్ సరిగా చేయకపోతే ఏమవుతుందో తెలియాలంటే టాంజానియాలోని కిహాన్సీ కథ చాలు. 180 మెగావాట్ల లోయర్ కిహాన్సీ ప్రాజెక్టు 2000 ప్రాంతంలో నడవడం మొదలైంది. అప్పటికే పని జరుగుతుండగా, 1996లో, జలపాతం తుంపరలు పడేచోట ఒక బుల్లి కప్ప జాతిని కనుక్కున్నారు. ముందు చేసిన అధ్యయనంలో అది లేదు. ప్రపంచం మొత్తంలో అది బతికేది ఆ తుంపరల్లో తడిసే సుమారు 2 హెక్టార్ల చిత్తడిలోనే. నీళ్ళని సొరంగంలోకి మళ్ళించేసరికి జలపాతం సన్నబడింది, తుంపర పోయింది. తర్వాత అక్కడ పైపులు వేసి కృత్రిమంగా నీళ్ళు చిమ్మించారు. కొన్ని వందల కప్పల్ని అమెరికా జంతుప్రదర్శనశాలలకి విమానంలో పంపారు. 2003లో అక్కడున్నవి ఒక్కసారిగా కుప్పకూలాయి. శిలీంధ్ర వ్యాధిని అనుమానించారు, ఆనకట్ట పూడిక కడిగినప్పుడు వచ్చిన మట్టినీళ్ళనీ అనుమానించారు. 2009లో ఆ జాతి సహజ ఆవాసంలో అంతరించిందని ప్రకటించారు. 2012 నుంచి జూలో పెంచినవాటిని తెచ్చి మళ్ళీ వదిలారు. ఇంత తతంగం, ఇంత ఖర్చు. జలపాతం కింద తడి బండల మీద ఏముందో కట్టకముందే చూసి ఉంటే, ఎన్ని నీళ్ళు వదలాలన్న లెక్కే వేరేగా ఉండేది.

అక్కణ్ణుంచి పర్యావరణ ప్రవాహానికి వద్దాం. నీళ్ళు మళ్ళించాక నదిలో తప్పనిసరిగా వదలాల్సిన నీళ్ళు ఇవి, మా వాళ్ళ వాడుకలో ఈ-ఫ్లో. చాలా దేశాల్లో దీనికొక శాతం ఉంటుంది. నేపాల్ 2001 జలవిద్యుత్ విధానంలో, అతి తక్కువ నెలసరి సగటు ప్రవాహంలో 10 శాతం లేదా ప్రభావ అంచనా రిపోర్టు చెప్పినంత, ఏది ఎక్కువైతే అది. మన దేశంలో ఎగువ గంగకి 2018 నోటిఫికేషన్ కాలాన్ని బట్టి విడదీసింది: నవంబర్ నుంచి మార్చి దాకా 20 శాతం, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 30 శాతం, మిగతా నెలల్లో 25 శాతం. శాతంతో సౌకర్యం ఏంటంటే అందరికీ అర్థమవుతుంది, తనిఖీ చేయొచ్చు. ఇబ్బంది ఏంటంటే చేపకి శాతం తెలీదు. దానికి కావాల్సింది లోతు, వేగం, సమయం.

కన్సల్టెన్సీ మొదటి డ్రాఫ్టులో ఒక శాతం రాసి పంపింది. ఎక్కణ్ణుంచి తెచ్చారని అడిగితే "అంతర్జాతీయ ఆచారం" అన్నారు. కాకి లెక్క అన్నమాట. వెనక్కి పంపాం. రెండోసారి మాత్రం పని బాగా చేశారు. నీళ్ళు తగ్గే భాగంలో నది అడ్డంగా ఎలా ఉందో చాలాచోట్ల కొలిచారు. రాళ్ళ మీద నీళ్ళు పలచగా పారే చోట్లు గుర్తించి, పెద్ద చేప వీపు మునిగేంత లోతు ఉండాలంటే ఎన్ని క్యూమెక్కులు (సెకనుకి ఎన్ని ఘనపు మీటర్ల నీళ్ళు) వదలాలో నెలవారీగా చూపించారు. పక్కనే ఇంకో నిలువు వరసలో, వదిలే ప్రతి క్యూమెక్కుకీ ఎన్ని యూనిట్ల కరెంటు పోతుందో కూడా వేశారు. ఆ రెండు వరసలూ పక్కపక్కన ఉండడం వల్లే మా ఫైనాన్స్ వాళ్ళతో మాట్లాడటం కుదిరింది. చివరికి ఆనకట్ట అడుగునే ఒక బుల్లి టర్బైన్ పెట్టి, వదలాల్సిన నీళ్ళతోనే కొంత కరెంటు తీయాలని తేలింది. చాలాచోట్ల చేసే పనే ఇది, కొత్త కాదు. కానీ అడగనిదే చెప్పరు.

ఇక్కడిదాకా నాలుగు నక్షత్రాలు. ఇక తిట్లు.

సాయంత్రం పీకింగ్, అంటే డిమాండ్ పెరిగిన వేళకి నిల్వ నీళ్ళు వదిలి కరెంటు తీయడం, మొదలైనప్పుడు పవర్‌హౌస్ కింద నది నిమిషాల్లో పెరుగుతుంది. ఆపేస్తే అంతే వేగంగా పడిపోతుంది. పెరిగితే మనుషులకి ప్రమాదం, పడిపోతే గులకరాళ్ళ మధ్య గుంటల్లో చేపపిల్లలు చిక్కుకుని చస్తాయి. ఈ రెండింటి గురించి రిపోర్టులో ఉన్నది ఒకే ఒక్క పేరా. "దిగువ ప్రాంత ప్రజల భద్రత నిమిత్తం తగిన హెచ్చరిక వ్యవస్థను ఏర్పాటు చేయవలెను." తగిన అంటే ఏంటి? ఎవరు ఏర్పాటు చేయవలెను? ఏ రేవు దగ్గర? సైరన్ మోగాక ఎన్ని నిమిషాలకి నీళ్ళు వస్తాయి? ఇవన్నీ అడిగితే మీటింగులో నీళ్ళు నమిలారు.

తెలుగువాళ్ళకి ఈ విషయం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ ఆనకట్ట గేట్లు ఎత్తడంతో కొట్టుకుపోయారు. వాళ్ళతో ఉన్న టూర్ నిర్వాహకుడు కూడా. లార్జీ 126 మెగావాట్ల ప్రాజెక్టు, పెద్దదేం కాదు. నీళ్ళు మామూలుగా బండల మధ్య పారుతుండగా దిగినవాళ్ళకి ఎగువన గేటు ఉందన్న ఊహే రాదు. మా డ్రాఫ్టులో ఆ పేరా పక్కన నేను రాసిన కామెంటు "బియాస్" అన్న ఒక్క మాటే. అవతలివాళ్ళకి అర్థం కాలేదు, ఫోన్ చేసి చెప్పాల్సొచ్చింది.

ఆ భాగం చివరికి మేమే రాసుకున్నాం. నదిలో ఎవరెక్కడ దిగుతారో తెలుసుకోవడానికి దిగువ ఊళ్ళన్నీ తిరిగాం. బట్టలుతికే చోటు, పశువుల్ని కడిగే చోటు, ఇసుక తీసే చోటు, వేసవిలో జాలర్లు రాత్రిళ్ళు పడుకునే ఇసుకతిన్నె. ఆ తిన్నె సంగతి రిపోర్టులో లేనే లేదు. దాని మీద గడ్డి గుడిసెలున్నాయి, పొయ్యి రాళ్ళున్నాయి, ఎండేసిన వలలున్నాయి. మా సర్వే డ్రోన్ ఫొటోలో కూడా కనపడ్డాయి. జనగణనలో అవి ఇళ్ళు కావు కాబట్టి రిపోర్టు లెక్కలో మనుషులూ లేరు. తర్వాత టర్బైన్ల లోడు ఎంత వేగంగా పెంచొచ్చు, ఎంత వేగంగా తగ్గించొచ్చు అన్నదానికి హద్దు పెట్టాం. ముందు ఒక చిన్న విడత నీళ్ళు వదిలి, కాళ్ళు తడిశాయని తెలిసి జనం గట్టెక్కాక, అప్పుడు పూర్తి లోడు. దీనివల్ల ఆదాయంలో కొంత పోతుంది. ఏ కేంద్రం ఎప్పుడెంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు రాత్రి షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌కి టెన్షన్ కూడా పెరుగుతుంది. అందుకే ఆ హద్దుని కంట్రోల్ రూమ్ సాఫ్ట్‌వేర్‌లోనే బిగించాం, ఆయన మంచితనానికి వదిలేయకుండా.

చేప నిచ్చెన గురించి. ఆనకట్ట పక్కన మెట్లమెట్లుగా కట్టే కాలువ ఇది, చేపలు ఎక్కి ఎగువకి వెళ్తాయని. కన్సల్టెన్సీ ఇచ్చిన డ్రాయింగ్ చక్కగా ఉంది, కాకపోతే అది సాల్మన్ కోసం గీసిన డ్రాయింగ్. సాల్మన్ ఎగిరి దూకే చేప. మా నదిలో ఉన్నవాటిలో చాలావరకు అడుగున పాకేవి. జాలర్ల దగ్గర కూర్చుని అంత వివరంగా రాసిన చేపల అధ్యాయం, ఈ డ్రాయింగ్ గీసినవాళ్ళు చదివినట్టు లేరు. ఒకే రిపోర్టులో రెండు అధ్యాయాలు ఒకదానికొకటి పరిచయం లేకుండా ఉండటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇందులో కొత్త పాఠం కూడా ఏమీ లేదు. థాయిలాండ్‌లో పాక్ మూన్ ఆనకట్ట 136 మెగావాట్లది, 1994లో పూర్తయింది. అక్కడ చేప నిచ్చెన పనిచేయలేదు. జాలర్లు ఏళ్ళ తరబడి ఆందోళన చేశాక, ఏడాదిలో నాలుగు నెలలు గేట్లన్నీ తెరిచి ఉంచే పద్ధతికి ప్రభుత్వం దిగొచ్చింది. దక్షిణ అమెరికాలో ఇంకో చిక్కు బయటపడింది. నిచ్చెన ఎక్కిన చేపలు పైన నిశ్చలమైన రిజర్వాయర్‌లో చిక్కుకుంటాయి. వాటి గుడ్లూ పిల్లలూ పారే నీళ్ళలో కిందికి కొట్టుకొచ్చే రకం. నిలవ నీళ్ళలో అవి అడుగుకి చేరి చచ్చిపోతాయి. అంటే నిచ్చెన పనిచేస్తే ఇంకా నష్టం అన్నమాట. బ్రెజిల్ పరిశోధకులు దీన్ని ఉచ్చు అనే అన్నారు. నిచ్చెన కడితే ఫొటో బాగా వస్తుంది, మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తారు. ఎక్కిన చేప ఎలా దిగుతుందని అడిగినవాణ్ణి మాత్రం అందరూ వింతగా చూస్తారు. మా విషయంలో ఆ డబ్బుని ఆనకట్ట కింద కలిసే వాగులు ఎండిపోకుండా, మూసుకుపోకుండా చూడటానికి మళ్ళించాం. గుడ్లు పెట్టే చోటు అక్కడే ఉందని పెద్దాయన ముందే చెప్పాడుగా.

పూడిక అధ్యాయానికి ఒక్క నక్షత్రం కూడా దండగే. కొండ నదులు నీళ్ళతో పాటు కొండనీ మోసుకొస్తాయి. ఆనకట్ట దాన్ని ఆపేస్తుంది. పైన రిజర్వాయర్ నిండిపోతుంది, కింద నదికి ఇసుక అందక ఒడ్లు కోసుకుపోతాయి. చైనాలో పసుపు నది మీద శాన్‌మెన్‌షియా ఆనకట్ట 1960లో నీళ్ళు నిలపడం మొదలుపెట్టాక కొద్ది ఏళ్ళలోనే పూడికతో ఉక్కిరిబిక్కిరై, అడుగున కొత్త తూములు తవ్వి, నడిపే పద్ధతే మార్చుకోవాల్సొచ్చింది. వరద కాలంలో బురదనీళ్ళని వదిలేసి, తర్వాత వచ్చే తేటనీళ్ళని నిలపడం ఆ దేశం అలా నేర్చుకుంది. తర్వాత త్రీ గోర్జెస్‌ని కూడా అదే సూత్రంతో నడుపుతున్నారు.

మా రిపోర్టులో పూడిక గురించి ఉన్నదంతా ఇంజనీరింగ్ కోణమే: రిజర్వాయర్ ఎన్నేళ్ళకి నిండుతుంది, అడుగు గేట్లు తెరిచి ఏడాదికోసారి కడిగేస్తే ఎంత మిగులుతుంది. కడిగినప్పుడు ఆ బురద ఎక్కడికి పోతుంది? దాంట్లో కుళ్ళిన ఆకులూ అలములూ ఉంటాయి. నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది. చేపల మొప్పల్లో మట్టి పేరుకుంటుంది. నీళ్ళు తక్కువున్న కాలంలో ఇలా కడిగితే నది మైళ్ళకి మైళ్ళు చచ్చిపోతుంది. అదే మంచి వరదలో, నది ఎలాగూ ఎర్రగా పారుతున్నప్పుడు, మెల్లగా కడిగి, వెంటనే తేటనీళ్ళు వదిలి ఒకసారి తొలిస్తే నష్టం చాలా తగ్గుతుంది. గేటు అదే, బురద అదే, ఎప్పుడు తెరుస్తామన్నదే తేడా. ఇది ప్రభావ అంచనా రిపోర్టులో ఉండాల్సిన మొదటి విషయాల్లో ఒకటి. దీనికోసం బయటినుంచి వేరే నిపుణుణ్ణి పెట్టుకోవాల్సొచ్చింది.

గ్రీన్‌హౌస్ వాయువుల అధ్యాయం మాత్రం అవసరానికి మించి లావుగా ఉంది. ముంపు ఎంత, దానికి వచ్చే కరెంటు ఎంత అని భాగిస్తే సగం సంగతి తేలిపోతుంది. అమెజాన్ అడవిలో కట్టిన బాల్బినా 250 మెగావాట్లకి సుమారు 2,360 చదరపు కిలోమీటర్లు ముంచింది. చదరపు మీటరుకి 0.1 వాట్ లెక్క. అడవి నీళ్ళలో కుళ్ళి మీథేన్ వదిలింది. ఇతాయ్‌పు 14,000 మెగావాట్లకి 1,350 చదరపు కిలోమీటర్లు, అంటే 10 వాట్ల పైన. క్యోటో ఒప్పందం కింద కార్బన్ క్రెడిట్లు ఇచ్చే విధానంలో 4 వాట్ల లోపున్న రిజర్వాయర్లని అసలు లెక్కలోకే తీసుకునేవారు కాదు. మాది ఇరుకు లోయలో బుల్లి చెరువు. రెండు పేజీల్లో తేలాల్సినదాన్ని గ్రాఫులతో నింపారు. పేజీల్ని బట్టి ఫీజు అనుకున్నారేమో.

నిర్వాసితుల సర్వే పద్ధతిగా చేశారు. ముంపులో పోయే ఇళ్ళు కొన్నే. ప్రతి ఇంట్లో ఆడవాళ్ళతో విడిగా మాట్లాడారు, చెట్లు లెక్కపెట్టారు. కానీ ప్రభావితులు అంటే ముంపులో ఉన్నవాళ్ళే అన్న పాత అలవాటు పోలేదు. 2000లో ప్రపంచ ఆనకట్టల కమిషన్ రిపోర్టు ఆనకట్టల వల్ల 4 కోట్ల నుంచి 8 కోట్ల మంది ఇళ్ళు వదిలి వెళ్ళారని చెప్పింది. అందులో దిగువన చేపలూ, ఒండ్రు పొలాలూ పోగొట్టుకున్నవాళ్ళు లేరు. లావోస్‌లో 2010లో మొదలైన నామ్ థేన్ 2 చూడండి. చాలా శ్రద్ధ పెట్టి చేసిన ప్రాజెక్టుగా పేరుంది. కింద నీళ్ళని కాస్త సర్దడానికి చెరువు, ప్రాణవాయువు కలవడానికి ప్రత్యేకమైన కట్ట, పైన 4,000 చదరపు కిలోమీటర్ల అభయారణ్యానికి ఏటా 10 లక్షల డాలర్లు. రిజర్వాయర్ కోసం తరలించింది 6 వేల పైచిలుకు మందిని. కానీ నీళ్ళు మళ్ళించి వదిలిన షె బాంగ్ ఫై నది వెంట ఉన్నవాళ్ళు లక్షకి పైగా. ఎక్కువ మంది ఎటు ఉన్నారో దాన్ని బట్టి చూస్తే, మా రిపోర్టులో దిగువ అధ్యాయం ముంపు అధ్యాయం కన్నా పెద్దదిగా ఉండాలి. మూడోవంతు ఉంది.

ఇక పరిహారం. ఇక్కడ పోయిన ప్రకృతికి బదులుగా ఇంకోచోట కాపాడటాన్ని ఆఫ్‌సెట్ అంటారు. వీళ్ళ ప్రతిపాదన ఏంటంటే నదిలో తగ్గే చేపలకి బదులుగా కొండ మీద మొక్కలు నాటడం. చేపకి చెట్టు! కోస్టారికాలో రెవెంతాసోన్ ప్రాజెక్టు 2016లో మొదలైంది. వాళ్ళు తమ నదిలో తెగిపోయినదానికి బదులుగా పక్కనున్న పారిస్మినా నదిని కాపాడే పని పెట్టుకున్నారు. నదికి నది, అది సబబు. అలా ఇచ్చిన మాట కూడా ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసుకోవాలి. ఉగాండాలో బుజగాలి ప్రాజెక్టు కోసం దిగువన కలగాల జలపాతాల ప్రాంతాన్ని ఆఫ్‌సెట్‌గా పక్కన పెట్టారు. తర్వాత ఇంకా దిగువన కట్టిన ఇసింబా రిజర్వాయర్ అందులో కొంత భాగాన్ని ముంచింది. ఒకే నది మీద వరసగా ప్రాజెక్టులు వచ్చేచోట ఒక్కో రిపోర్టు తన ఆనకట్ట వరకే చూసుకుంటే జరిగేది ఇదే. మా రిపోర్టులో ఎగువన రాబోయే రెండు ప్రాజెక్టుల పేర్లు ఒక ఫుట్‌నోట్‌లో ఉన్నాయి. ఎగువవాళ్ళు పగలంతా నీళ్ళు ఆపేస్తే మా ఈ-ఫ్లో పట్టిక ఏమవుతుందన్న ప్రశ్న ఎక్కడా లేదు.

నిర్వహణ ప్రణాళిక పెద్ద పట్టిక. ప్రభావం, చర్య, సమయం, బాధ్యత. బాధ్యత కింద అన్ని గళ్ళలోనూ "ప్రాజెక్టు యాజమాన్యం" అని కాపీ చేసి అతికించారు. యాజమాన్యం అంటే మేమే, మాలో ఎవరని అడిగితే ఎవరూ కాదు. గేటు తెరిచేది యాజమాన్యం కాదు, షిఫ్టు ఆపరేటర్. నీళ్ళతో వచ్చే చెత్తని ఆపే కడ్డీలు శుభ్రం చేసేది కాంట్రాక్టు కూలీ. ఈ ఇద్దరి పేర్లూ, ఈ ఇద్దరికీ కావాల్సిన డబ్బూ లేని ప్రణాళిక అలమరలోకి పోతుంది. జలవిద్యుత్ ప్రాజెక్టుల్ని పర్యావరణ, సామాజిక కోణాల్లో తూచడానికి 2021లో వచ్చిన హైడ్రోపవర్ సస్టైనబిలిటీ స్టాండర్డ్‌లో 12 విభాగాలున్నాయి. దాన్ని పక్కన పెట్టుకుని మా ప్రణాళికని నేనే సరిచూశాను. పత్రాలు ఉన్నాయా అంటే దాదాపు అన్నిటికీ ఉన్నాయి. పని జరుగుతుందని చూపించేది ఉందా అంటే చాలావాటికి లేదు.

చివరగా డ్యాష్‌బోర్డు. రంగులు బాగున్నాయి, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ఈ-ఫ్లో దగ్గర ఎప్పుడు చూసినా ఆకుపచ్చే. ఒక ఎండాకాలం దిగువ ఊరినుంచి మేకలు కాసుకునే కుర్రాడు ఫోన్ చేశాడు, ఏట్లో గుంటలే మిగిలాయని. ఫోన్ పట్టుకుని చూస్తే ఆకుపచ్చ. వెళ్ళి చూస్తే ఈ-ఫ్లో పైపు నోటికి ఒక మొద్దు అడ్డం పడి, దానికి ఆకులూ ప్లాస్టిక్కూ పేరుకుని, నీళ్ళు సన్నగా కారుతున్నాయి. డ్యాష్‌బోర్డు కొలుస్తున్నది గేటు ఎంత తెరిచి ఉందన్నది, కింద నదిలో నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది కాదు. గేటు తెరిచే ఉంది మరి! కన్సల్టెన్సీకి చెబితే సాఫ్ట్‌వేర్ స్పెసిఫికేషన్ ప్రకారం సరిగానే పనిచేసిందని మెయిల్ పెట్టారు. మాట నిజమే, అందుకే ఒళ్ళు మండింది. తర్వాత కింద నదిలోనే నీటిమట్టం కొలిచే సెన్సర్ పెట్టించాం. పక్కనే బండ మీద ఎర్ర గీత గీసి, గీత కన్నా నీళ్ళు తగ్గితే ఫోన్ చేయండని కంట్రోల్ రూమ్ నంబరు రాయించాం. సెన్సర్ కన్నా ఆ గీతే ఎక్కువ పనిచేస్తోంది, జనం రోజూ చూసుకుంటారు కాబట్టి.

మళ్ళీ వీళ్ళనే తీసుకుంటారా అని మా పై ఆఫీసు అడిగింది. చేపల అధ్యయనం, ఈ-ఫ్లో, ఇంటింటి సర్వే వరకు తీసుకుంటాం అన్నాను. పూడిక, పీకింగ్, పర్యవేక్షణ వేరేవాళ్ళకి. ఈసారి ఒప్పందంలో మూడు షరతులు పెట్టాం. చేపల అధ్యాయం రాసినవాళ్ళు ఆనకట్ట డ్రాయింగుల మీద సంతకం పెట్టాలి. గేట్లు ఎప్పుడు, ఎంత, ఎవరు తెరవాలో చెప్పే ఒకే ఒక్క కాగితం, ఆపరేటర్లకి వచ్చిన భాషలో, వాళ్ళతో కూర్చుని రాయాలి. చివరి విడత ఫీజు రిపోర్టు అందినప్పుడు కాదు, కేంద్రం నడిచి రెండో వరద కాలం దాటాక. మూడో షరతు మీద వాళ్ళు బాగా గొణిగారు. ఒక నెల నాన్చి సంతకం పెట్టారు.